అమెరికా కోర్టు కాగితాలు చేతికి వచ్చాయి, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ళ క్రితం ఇక్కడే హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్ళి జరిగింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే డిపెండెంట్ వీసా మీద టెక్సాస్ వెళ్ళి, భర్తతో కలిసి అక్కడే ఉన్నాను. మాకు ఆరేళ్ళ పాప ఉంది, అక్కడే పుట్టింది. మా నాన్నగారికి జబ్బు చేస్తే చూడటానికి పాపతో సహా ఇండియా వచ్చాను. కొన్నాళ్ళు అక్కడే ఉండమన్న ఆయన తర్వాత టికెట్ల మాట ఎత్తలేదు, ఫోన్లు కూడా తగ్గించేశారు. వచ్చి రెండేళ్ళు కావస్తోంది. పోయిన వారం కొరియర్‌లోనూ ఈమెయిల్‌లోనూ అక్కడి కోర్టులో వేసిన విడాకుల పిటిషన్ కాపీ వచ్చింది. దానితో పాటు ఒక ఫారం పంపి, నోటరీ ముందు సంతకం చేసి స్కాన్ కాపీ పంపితే గొడవ లేకుండా అయిపోతుందని ఆయన మెసేజ్ పెట్టారు. పిటిషన్‌లో పాప సంరక్షణ కూడా అడిగారు. ఆయన ఎప్పుడూ చేయి చేసుకోలేదు, కానీ మళ్ళీ కలిసి ఉండే ఆశ నాకు లేదు. మా బావగారు సంతకం పెట్టేయమంటున్నారు. మా మేనమామ మాత్రం అక్కడి తీర్పు ఇక్కడ చెల్లదు, చింపి పారేయమంటున్నారు. నేనేం చేయాలి?

సమాధానం: మీ బావగారి మాటా, మీ మేనమామగారి మాటా రెండూ ఆప్యాయతతో చెప్పినవే అయినా, రెండింటిలో దేన్నీ ఇప్పుడు పాటించవద్దని ముందుగా కోరుతున్నాను. ఇలాంటి వ్యాజ్యంలో అవతలి కోర్టు ఏం చేస్తుందన్నది ఎంత ముఖ్యమో, ఆ కోర్టుకు మీరిచ్చే మొదటి జవాబు అంతే ముఖ్యం. మౌనం, అభ్యంతరం, వాదన, సమ్మతి అనే నాలుగింటిలో మీరు దేన్ని ఎంచుకుంటే దాన్ని బట్టే ఆ తీర్పు ఇండియాలో చెల్లుతుందా లేదా అన్నది చాలావరకు తేలుతుంది. అందుచేత ఆ ఫారం మీద సంతకం చేయకండి, కొరియర్ కవరుతో సహా ఒక్క కాగితాన్నీ పారేయకండి.

మీ మేనమామగారి మాటకు ఒక బలమైన ఆధారం ఉంది. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో కొద్దికాలపు నివాసం చూపించి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. ఆ కోర్టు అధికారాన్ని తాను ఒప్పుకోవడం లేదని భార్య అభ్యంతరంతోనే జవాబు పంపింది. భర్త ఆ డిక్రీని చూపి 1981లో ఇక్కడ మరో పెళ్ళి చేసుకోగా, ఆమె ద్విభార్యత్వం కింద ఫిర్యాదు చేసింది. ఆ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే నేటికీ ఈ విషయంలో మూలస్తంభం. ఏ వివాహ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ప్రకారం అధికారం ఉన్న కోర్టే, ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు ఇవ్వాలని, లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ కింద ఆ విదేశీ తీర్పుకు ఇక్కడ గుర్తింపు ఉండదని అందులో తేల్చారు. భార్యకు నోటీసు అందితే సరిపోదని, ఆమె అంత దూరం వెళ్ళి నిజంగా వాదించుకోగలిగేలా ప్రయాణ, నివాస, వ్యాజ్య ఖర్చులను అవసరమైతే పిటిషనరు చేత ఇప్పించకుండా ఇచ్చిన తీర్పు సహజ న్యాయానికి విరుద్ధమని కూడా అదే తీర్పు చెప్పింది.

అయితే ఆ తీర్పు మూడు మినహాయింపులు కూడా పెట్టింది, సగం తెలిసిన సలహాదారులు సాధారణంగా వదిలేసేది ఈ భాగాన్నే. జవాబు చెప్పవలసిన వ్యక్తి ఆ విదేశంలోనే శాశ్వతంగా స్థిరపడి ఉండి, విడాకుల కారణం మన వివాహ చట్టంలోనూ ఉంటే ఆ తీర్పు చెల్లుతుంది. ఆ వ్యక్తి స్వచ్ఛందంగా ఆ కోర్టు అధికారానికి లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీదే నడిచిన వ్యాజ్యంలో వాదించుకుంటే చెల్లుతుంది. ఇక మూడోది, మీకు నేరుగా తగిలేది: కోర్టుకు అధికారం లేకపోయినా, విడాకులకు ఆ వ్యక్తి సమ్మతి తెలిపితే చెల్లుతుంది. మీకు వచ్చిన ఫారం బహుశా సమన్లు అందించవలసిన అవసరాన్ని వదులుకునే వెయివర్. ఇలాంటి చాలా ఫారాల్లో, ఇకపై నాకు మళ్ళీ తెలియజేయకుండానే కోర్టు తీర్పు ఇవ్వవచ్చు అనే వాక్యం ఎక్కడో మధ్యలో ఉంటుంది. దాని మీద పెట్టిన సంతకాన్ని రేపు సమ్మతిగా చూపించవచ్చు. పాప విషయమూ డబ్బు విషయమూ తేలకుండానే మీ చేతిలో ఉన్న బలమంతా ఆ ఒక్క సంతకంతో పోతుంది.

చింపి పారేయడంలో నష్టం వేరు. టెక్సాస్‌లో ఆరు నెలలుగా, పిటిషన్ వేసిన కౌంటీలో (మన జిల్లా లాంటిది) 90 రోజులుగా ఉంటున్న వ్యక్తి అక్కడ విడాకులు కోరవచ్చు, ఎవరి తప్పూ చూపించనక్కరలేదు, కలిసి బతకడం ఇక సాధ్యం కాదంటే చాలు. పిటిషన్ వేశాక 60 రోజులు గడిస్తే, మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ రావచ్చు. అప్పుడు అక్కడి దృష్టిలో మీరు విడాకులు తీసుకున్నవారు, ఇక్కడి దృష్టిలో ఇంకా ఆయన భార్య. ఆయన అక్కడ మరో పెళ్ళి చేసుకుని స్థిరపడతారు, మీరు మాత్రం ఇక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకోవాలన్నా ముందు మీ హోదా ఏమిటో కోర్టు చేత చెప్పించుకోవలసిన స్థితిలో పడతారు. ఆయన మీద ద్విభార్యత్వం కేసు పెట్టవచ్చు కదా అంటారేమో. తిరుపతి కేసులో రెండో పెళ్ళి ఈ దేశంలోనే జరిగింది. విదేశంలో జరిగిన నేరాన్ని ఇక్కడ విచారించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ దారిలో దొరికే ఊరట పడే శ్రమకు తగినంత ఉండదని నా అభిప్రాయం.

కాగితాలు కొరియర్‌లో వచ్చాయి కాబట్టి అవి అందినట్టే కాదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అందులోనూ కొంత నిజం ఉంది. విదేశాల్లో సమన్లు అందించే పద్ధతి మీద 1965 నాటి హేగ్ ఒప్పందంలో అమెరికా, ఇండియా రెండూ ఉన్నాయి. మన దేశంలో అది 2007 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. పోస్టు ద్వారా నేరుగా పంపే పద్ధతికి మన దేశం అభ్యంతరం చెప్పింది కనుక, సమన్లు కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా రావాలి. కానీ ఈ వాదన మీకు కొంత సమయం మాత్రమే సంపాదించి పెడుతుంది, ఆయన సరైన పద్ధతిలో మళ్ళీ పంపిస్తే అది అక్కడితో సరి. సమన్లు చట్టబద్ధంగా అందినట్టు లెక్కిస్తే, 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోగా మీ జవాబు కోర్టులో ఉండాలి. కాబట్టి అందిన తీరు తప్పు అన్న ధీమాతో కూర్చోకుండా, ఆ గడువు నడుస్తున్నట్టే భావించి కదలండి.

ఆ గడువులోగా టెక్సాస్‌లో కుటుంబ వ్యాజ్యాలు చూసే ఒక న్యాయవాదిని సంప్రదించి, స్పెషల్ అప్పియరెన్స్ వేయడం మీ విషయంలో పనికివస్తుందా అని అడగండి. కోర్టుకు నా మీద అధికారం లేదని చెప్పడానికి మాత్రమే వేసే హాజరు అది. ఇతర వాదనలన్నింటికన్నా ముందు వేస్తేనే దానికి విలువ, ముందుగా మామూలు జవాబు దాఖలు చేసి ఆ తర్వాత అధికారం లేదంటే వినరు. ఇక్కడ ఒక తేదీ చాలా కీలకం. భార్యాభర్తలు చివరిగా కాపురం ఉన్నది టెక్సాస్‌లోనే అయి, ఆ కాపురం ముగిసిన నాటి నుంచి రెండేళ్ళు నిండకముందే పిటిషన్ వేస్తే, వేరే చోట ఉన్న జీవిత భాగస్వామి మీద కూడా అక్కడి కోర్టుకు అధికారం ఉంటుంది. మీరు రెండేళ్ళు కావస్తోంది అని రాశారు. పాస్‌పోర్టు మీద ముద్ర తేదీనీ, పిటిషన్ వేసిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన ఈ సమయాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. కాపురం మీరు విమానం ఎక్కిన రోజునే ముగిసిందా, లేక ఆయన రావద్దన్న రోజునా అన్నది కూడా వాదించదగ్గ అంశమే.

ఒకవేళ మీ మీద అధికారం లేదని తేలినా ఆయనకు విడాకులు రావచ్చు. అమెరికా న్యాయంలో వివాహ బంధాన్ని తెంచడం వేరు, డబ్బు వ్యవహారం తేల్చడం వేరు. ఒక రాష్ట్రంలో స్థిర నివాసం ఉన్నవారికి అక్కడి కోర్టు విడాకులు ఇవ్వగలదు, కానీ తన అధికార పరిధిలో లేని భార్య ఆర్థిక హక్కులను మాత్రం తెంచలేదు.

ఇక్కడే మీరు నిదానంగా ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. టెక్సాస్ కోర్టును తప్పించుకోవడమే మీకు లాభమని ముందే అనుకోవద్దు. అక్కడి చట్టం ప్రకారం, వివాహం నిలిచి ఉన్న కాలంలో ఎవరి పేరున సంపాదించినా అది సాధారణంగా ఉమ్మడి ఆస్తి. ఆయన జీతం నుంచి రిటైర్మెంట్ ఖాతాలో జమ అయిన మొత్తం, కంపెనీ షేర్లు, ఇల్లు, అన్నీ లెక్కలోకి వస్తాయి. మన చట్టంలో భర్త పేరున ఉన్న ఆస్తిలో విడాకుల వేళ భార్యకు వాటా అంటూ లేదు, ఉన్నది మనోవర్తి, శాశ్వత భరణం, స్త్రీధనం. అదే మనోవర్తి విషయానికి వస్తే తలకిందులు: కుటుంబ హింస, అంగవైకల్యం వంటి కారణాలు లేనప్పుడు, పదేళ్ళు నిండని వివాహానికి టెక్సాస్ కోర్టు విడాకుల తర్వాత నెలసరి భరణం ఇవ్వడం కష్టం. మీది తొమ్మిదేళ్ళ వివాహం. అంటే ఆస్తి ఉంటే అక్కడ, భరణమే ముఖ్యమైతే ఇక్కడ అన్నమాట. ఆయన ఖాతాల్లో ఏముందో ఉజ్జాయింపుగా అయినా తెలియకుండా ఏ కోర్టు మేలో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. మీరు అక్కడ ఉన్నప్పుడు ఉమ్మడిగా దాఖలు చేసిన పన్ను రిటర్నుల కాపీలు ఉంటే వెతకండి, వాటిలో చాలా సమాచారం దొరుకుతుంది. అక్కడి ప్రభుత్వ పెన్షన్ పథకమైన సోషల్ సెక్యూరిటీలో విడాకులు పొందిన జీవిత భాగస్వామికి ఉండే హక్కుకు కూడా వివాహం పదేళ్ళు నిలిచి ఉండాలన్న షరతు ఒకటి. విదేశంలో ఉండేవారికి మరికొన్ని షరతులు ఉన్నాయి కనుక దాని మీద ఆశలు పెంచుకోకుండా, న్యాయవాదిని అడిగే ప్రశ్నల్లో దాన్ని కూడా చేర్చుకోండి.

మీరు కలిసి ఉండాలని కోరుకోవడం లేదు, ఆయనా కోరుకోవడం లేదు. అలాంటప్పుడు అన్నిటికన్నా చిక్కు లేని దారి, హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో పరస్పర సమ్మతి విడాకులు. ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు దీన్ని కోరవచ్చు. ఇద్దరూ కలిసి పిటిషన్ వేసే మొదటి మోషన్‌కూ, ఆ కోరికను కోర్టు ముందు మళ్ళీ ధ్రువీకరించే రెండో మోషన్‌కూ మధ్య ఆరు నెలలు ఆగాలన్న నియమం ఉన్నా, విడిగా ఉండటం మొదలై ఏడాదిన్నర దాటి, రాజీ ప్రయత్నాలు ఫలించక, భరణమూ పిల్లల సంరక్షణా ముందే తేలిపోయి ఉంటే ఆ గడువును కోర్టు తన విచక్షణతో తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ప్రయాణం చేయలేకపోతే వీడియో ద్వారా హాజరును, లేదా తల్లిదండ్రులు, తోబుట్టువుల ద్వారా ప్రాతినిధ్యాన్ని అనుమతించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆయన అక్కడ ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీకి అపోస్టిల్ ముద్ర (పత్రం విదేశాల్లో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) గాని భారత కాన్సులేట్ ధ్రువీకరణ గాని ఉండాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో దానికి స్టాంపు డ్యూటీ కట్టాలి. ఇద్దరి సమ్మతితో ఇక్కడ వచ్చిన డిక్రీని అమెరికా రాష్ట్రాలు సాధారణంగా గౌరవిస్తాయి కనుక ఆయనకూ ఇది నష్టం కాదు. ఈ మాట ఆయనకు మీరు కాకుండా మీ న్యాయవాది రాతపూర్వకంగా చెప్పడం మేలు. దానితో పాటు టెక్సాస్ పిటిషన్‌ను ఉపసంహరించుకోవాలని, కనీసం ఇక్కడి డిక్రీ వచ్చేదాకా ముందుకు నడపకూడదని షరతు పెట్టాలి.

ఆ ఒప్పందంలో డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందన్నది, ఎంత వస్తుందన్న దానికన్నా జాగ్రత్తగా రాయించుకోవలసిన విషయం. ఇక్కడి కోర్టు డిక్రీని నేరుగా అమెరికాలో అమలు చేయించుకునే పరస్పర ఏర్పాటు మన రెండు దేశాల మధ్య లేదు. నెల నెలా పంపిస్తానన్న హామీ కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, మూడో నెలలో ఆగిపోతే మీరు మళ్ళీ సముద్రం అవతల వ్యాజ్యం వేయాలి. కాబట్టి మీ వరకు ఏకమొత్తంగా, అదీ రెండో మోషన్ రోజుకు డిమాండ్ డ్రాఫ్టు కోర్టులో ఉండేలా రాయించుకోండి. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చు, ఆ వెసులుబాటే డబ్బు అందేదాకా మీకు రక్ష. రిటైర్మెంట్ ఖాతాలో వాటా తీసుకోవడానికి ఒప్పందం కుదిరితే మాత్రం ఇక్కడి డిక్రీ ఒక్కటీ చాలదు, దాన్ని పంచమని ఖాతా నిర్వాహకులకు చెప్పే ప్రత్యేక ఉత్తర్వు అక్కడి కోర్టు నుంచే రావాలి. పాప పోషణ ఖర్చు పాప హక్కు, మీ భరణంతో కలిపి ఒకే అంకెగా రాయించకండి, వదులుకుంటున్నట్టు అసలే రాయించకండి.

పాప విషయంలో మీ స్థితి మీరు భయపడుతున్నంత బలహీనంగా లేదు. పిల్లల సంరక్షణ వ్యాజ్యాల్లో టెక్సాస్ పాటించే చట్టం ప్రకారం, పిటిషన్‌కు ముందు వరుసగా ఆరు నెలలు బిడ్డ ఎక్కడ నివసించిందో అదే ఆమె సొంత రాష్ట్రం. విదేశాన్ని కూడా ఆ లెక్కలో ఒక రాష్ట్రంగానే చూస్తారు. రెండేళ్ళుగా పాప ఇక్కడే చదువుకుంటోంది కనుక సంరక్షణ తేల్చే అధికారం అక్కడి కోర్టుకు లేదని గట్టిగా వాదించవచ్చు. అవతలివారు ఇది తాత్కాలిక ప్రయాణమే అని వాదిస్తారు. కొన్నాళ్ళు అక్కడే ఉండమని ఆయన చెప్పిన మెసేజ్‌లు అందుకే బంగారం లాంటివి, పాప స్కూలు రికార్డులతో పాటు వాటినీ భద్రపరచండి. అయితే ఆ మెసేజ్‌లలోని కొన్నాళ్ళు అన్న మాటనే అవతలివారు పట్టుకోవచ్చు కనుక, ఏ మెసేజ్ చూపాలో న్యాయవాదిని నిర్ణయించనివ్వండి. మీరు మాత్రం ఆలస్యం చేయకుండా, పాప మామూలుగా నివసించే చోటి ఫ్యామిలీ కోర్టులో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేయండి. పిల్లల అపహరణ మీద 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు కనుక, దాని కింద పాపను వెనక్కు పంపమని ఇక్కడ అడగలేరు. విదేశీ కోర్టు ఉత్తర్వు ఉన్నా బిడ్డ క్షేమమే అన్నిటికన్నా మిన్న అని 2017లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే సుప్రీంకోర్టు 2019లో హైదరాబాద్ తీసుకొచ్చిన ఇద్దరు పిల్లలను అమెరికా పంపమని ఆదేశించిన సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. ఒక్కో కేసు దాని వాస్తవాల మీద ఆధారపడుతుంది. వ్యాజ్యం తేలేలోపు పాపను తీసుకుని ఒకసారి వచ్చి వెళ్ళమని ఆయన పిలిస్తే, అక్కడి న్యాయవాదిని అడగకుండా టికెట్ తీసుకోకండి. పాప అమెరికా పౌరురాలు, అక్కడ అడుగుపెట్టాక దేశం దాటించవద్దని ఉత్తర్వు తెచ్చుకోవడం ఆయనకు కష్టం కాదు. పాపతో తండ్రి వీడియో కాల్స్‌ను మాత్రం ఆపవద్దు. అది పాపకు మంచిది, కోర్టు కూడా దాన్ని గమనిస్తుంది.

ఆయన రాజీకి రాకపోతే, భర్త విదేశంలో ఉన్నా సరే, మీరు ఇప్పుడు నివసిస్తున్న చోటే వ్యాజ్యం వేసే హక్కు హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ మీకు ఇచ్చింది. ఆ వ్యాజ్యం నడుస్తుండగా 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడగవచ్చు. ఇద్దరూ ఆస్తి అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని, భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆయన ఆదాయం బయటపడటానికి ఆ అఫిడవిట్ ఒక మంచి సాధనం. మీ నగలు ఎవరి దగ్గర ఉన్నాయో, ఏ లాకరులో ఉన్నాయో పెళ్ళి ఫొటోలు ముందు పెట్టుకుని ఒక జాబితా రాసుకోండి. క్రూరత్వం కింద క్రిమినల్ కేసు పెడితే ఆయన దిగివస్తారని సలహా ఇచ్చేవారు తప్పకుండా ఎదురవుతారు. ఆయన చేయి చేసుకోలేదని మీరే రాశారు. జరగనిది రాసిన ఫిర్యాదు మీ నిజమైన వాదనలను కూడా పలచన చేస్తుంది.

ఖర్చు గురించి మీరు రాయలేదు గాని, ఆ చింత ఉండి ఉంటుంది. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం కింద ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేస్తే ఇక్కడి వ్యాజ్యానికి న్యాయవాదిని ఇస్తారు. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయుల వివాహ ఫిర్యాదుల కోసమే ఒక విభాగం ఉంది. టెక్సాస్ న్యాయవాదికి మాత్రం ఫీజు తప్పదు, కానీ మొత్తం కేసు అప్పగించకుండా మొదట ఒక్క సంప్రదింపుకు, స్పెషల్ అప్పియరెన్స్ నిర్ణయానికి మాత్రమే పరిమితం చేయమని అడగవచ్చు.

ఆయన మెసేజ్‌కు ఇప్పటిదాకా మీరు జవాబు ఇవ్వకపోతే, కాగితాలు చూశాను, న్యాయవాదితో మాట్లాడి రాతపూర్వకంగా తెలియజేస్తాను అని మాత్రమే రాయండి. విడాకులకు నాకు అభ్యంతరం లేదు అన్న మాట ఎంత నిజమైనా, పాప విషయం, డబ్బు విషయం ఒప్పందంలోకి ఎక్కేదాకా ఫోన్‌లోనూ మెసేజ్‌లోనూ అనకండి. ఇప్పటికే అని ఉంటే ఆ మెసేజ్‌ను చెరిపేయకుండా, దాన్నే ముందుగా మీ న్యాయవాదికి చూపించండి.